యాంటీవైరస్ కొనే ముందు ఆ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

మీరు అడిగింది ఇదీ: బొబ్బిలిలో మీ నాన్నగారు వాడే కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది, కొని ఏడేళ్లయింది. ఈ మధ్య బాగా నెమ్మదించింది. తెర మీద కుడివైపు కింది మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని గంటకోసారి హెచ్చరిక వస్తోంది. దుకాణంలో చూపిస్తే ఫార్మాట్ చేసి, అంటే డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేసి, మూడేళ్ల యాంటీవైరస్ వేస్తామన్నారు. ఏ కంపెనీది వేయించుకుంటే మంచిదని మీ ప్రశ్న.

ఇప్పుడే ఏదీ వేయించకండి. ఫార్మాట్‌కి అసలే ఒప్పుకోకండి. ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది.

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే మా కొబ్బరి తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఊరికి కరెంటు తిరిగి రావడానికి రెండు వారాలు దాటింది. వచ్చిన రోజే మావయ్యగారు కంప్యూటర్ ఆన్ చేశారు. పంట నష్టం సంగతి ఏమైందో, వార్తల్లో ఏం రాస్తున్నారో చూడాలని ఆయన ఆత్రం. ఏ సైటు తెరిచినా ఎర్రటి హెచ్చరికే. యాంటీవైరస్ గుర్తు మీద కూడా ఎర్ర ముద్ర. పట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్తే చూసీ చూడగానే వైరస్ అన్నారు. ఫార్మాట్ చేసి, కొత్త యాంటీవైరస్ వేసి, అక్కడే ఆన్ చేసి చూపించి పంపారు. డబ్బు పోతే పోయింది. డి డ్రైవ్ కూడా చెరిపేశారని ఇంటికి వచ్చాక తెలిసింది. తోట ఫొటోలన్నీ అందులోనే ఉండేవి. మావయ్యగారి తండ్రి నాటిన పనస చెట్టు, దాని కింద మా పెళ్లి భోజనాలు, ఏటా కాయలు దింపేటప్పుడు తీసినవి. తుఫాను చెట్లను తీసుకెళ్తే, ఆ ఫార్మాట్ వాటి బొమ్మలను కూడా తీసుకెళ్లింది. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. తరువాత చాలా రోజులు కంప్యూటర్ జోలికే వెళ్లలేదు.

అసలు విషయం ఏమిటంటే, ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టగానే మళ్లీ అవే ఎర్ర హెచ్చరికలు వచ్చాయి. పక్కింటి అబ్బాయి అప్పట్లో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "దుకాణంలో పనిచేసి ఇంటికి రాగానే చెడిపోయిందంటే దారిలో ఏదో జరిగింది పెద్దమ్మా" అని మా అత్తగారితో అంటూ వచ్చి కూర్చున్నాడు. కీబోర్డు ముట్టుకోకుండా ముందు తెర కుడి మూలన తేదీ చూశాడు. 2009 జనవరి 1 అని ఉంది.

కంప్యూటర్ లోపలి ప్రధాన పలక, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. ప్లగ్గు తీసేసినా కంప్యూటర్ గడియారం నడిచేది దానివల్లే. కరెంటు ఉన్నంతకాలం దాని మీద పెద్దగా భారం పడదు. రెండు వారాలు కరెంటు లేకపోయేసరికి, అప్పటికే పాతబడిన బిళ్ల ఖాళీ అయిపోయింది. ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి వెళ్తోంది. ప్రతి సైటు తాను అసలైనదేనని చూపడానికి ఒక ధ్రువపత్రం పంపుతుంది, దానికి మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. 2009లో ఉన్నానని నమ్ముతున్న కంప్యూటర్‌కు 2018 నాటి పత్రాలన్నీ దొంగవిగానే కనిపిస్తాయి. అబ్బాయి క్యాబినెట్ మూత తీసి, గోటితో చిన్న కొక్కెం నొక్కగానే బిళ్ల పైకి లేచింది. చేతి గడియారాలు బాగుచేసే కొట్లో కొత్తది తెచ్చి పెట్టి, తేదీ సరిచేశాడు. హెచ్చరికలు పోయాయి. క్రోమ్ చూపిన ఆ ఎర్ర పేజీలోనే గడియారం వెనకబడి ఉందని ఇంగ్లిషులో రాసి ఉంది. దుకాణంలో ఎవరూ అది చదివిన పాపాన పోలేదు.

అందుకే ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే. తెర మీద ఏం రాసి ఉందో, ఎవరి పేరు మీద వస్తోందో చదవండి.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆ "5 వైరస్‌లు" హెచ్చరిక మళ్లీ వచ్చినప్పుడు వెంటనే మూసేయకుండా దగ్గరగా చూడండి. పైన చిన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అనో, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనో ఉండి, పక్కనో కిందనో ఏదో సైటు చిరునామా ఉంటే అది వైరస్ కాదు, ప్రకటన. పంచాంగమో, క్రికెట్ స్కోరో, పాత సినిమానో వెతుకుతూ వెళ్లినచోట "అలో" నొక్కమని ఒక పెట్టె వస్తుంది. పెద్దవాళ్లు అది నొక్కితేనే పేజీ తెరుచుకుంటుందేమో అనుకుని నొక్కుతారు. అప్పటి నుంచి ఆ సైటుకు మీ తెర మీద సందేశాలు వేసే అనుమతి దొరికినట్టే. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ లోకి వెళ్లండి. అనుమతి పొందిన సైట్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. మీకు తెలియని ప్రతి పేరునూ తీసేయండి. సైట్లు అనుమతి అడగకుండా చేసే వీలు కూడా ఆ పేజీలోనే ఉంది, దాన్ని ఎంచుకోండి. అయిదు నిమిషాల పని. మా వీధిలో ఇప్పటికి నలుగురి ఇళ్లలో ఇదే చేశాను, నాలుగు చోట్లా ఆ వైరస్‌లన్నీ మాయమయ్యాయి.

ఇదే మోసానికి పెద్దన్న ఇంకొకటి ఉంది. తెర నిండా హెచ్చరిక, పెద్ద శబ్దం, ఫలానా నంబరుకు ఫోను చేయమని రాత. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఇవ్వదు. ఈ మాట మీ నాన్నగారికి ఒకటికి రెండుసార్లు చెప్పండి. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ తెర చిన్నదవుతుంది. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కితే మూసుకుంటుంది. అదీ కాకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడమే. ఒకవేళ ఎవరికైనా ఫోను చేసి, మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటిది వాళ్లు చెప్పినట్టు ఎక్కించి, డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

నెమ్మదించడానికి కారణం చాలావరకు వైరస్ కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆన్ చేసిన పావుగంట తరువాత కూడా డిస్క్ అన్నచోట నూటికి నూరు చూపిస్తుంటే పాత హార్డ్ డిస్క్ తట్టుకోలేకపోతోందని అర్థం. ఏడేళ్ల కిందటి మామూలు డెస్క్‌టాప్‌లలో తిరిగే హార్డ్ డిస్కే ఎక్కువ. దాని బదులు తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే 256 జీబీ ఎస్ఎస్‌డీ వేయిస్తే అదే కంప్యూటరా అనిపిస్తుంది. యాంటీవైరస్‌కు పెట్టబోయే డబ్బు దీనికి పెట్టండి. ఇంకొక సంగతి కూడా చూడండి. రెండు యాంటీవైరస్‌లు పక్కపక్కనే ఉన్నాయేమో. కొన్నప్పుడు ఉచితంగా వచ్చి గడువు తీరిపోయినది, తరువాత ఎవరో వేసినది కలిసి ఒకే ఫైలును ఇద్దరూ తనిఖీ చేస్తూ ఉంటే ఏ కంప్యూటరైనా కుంటుతుంది. గడువు తీరినదాన్ని పూర్తిగా తీసేయండి.

తీసేస్తే రక్షణ ఉండదని భయపడకండి. విండోస్‌తో పాటే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఉంటుంది. వేరే యాంటీవైరస్ ఉన్నప్పుడు పక్కకు తప్పుకుని, అది పోగానే తనంతట తానే పనిలోకి దిగుతుంది. జర్మనీలో ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ కంపారటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లను ఏడాది పొడవునా పరీక్షించి ఫలితాలు ఉచితంగా బయటపెడతాయి. ఏవీ టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడకంలో ఇబ్బంది పెట్టకపోవడానికి 6 మార్కులు వేస్తుంది. అక్కడ డిఫెండర్ డబ్బు పెట్టి కొనేవాటి సరసన నిలబడుతూ వస్తోంది. బ్యాంకు, పెన్షన్, వార్తలు, మనవళ్లతో వీడియో కాల్ ఇవే మీ నాన్నగారి అవసరాలైతే అది చాలు.

కొనుక్కోవడం తప్పని నేను అనను. పిల్లలు వాడే కంప్యూటర్‌కు గట్టి అదుపు కావాలన్నా, ఇంట్లో ఉన్న నాలుగైదు కంప్యూటర్లు, ఫోన్లు ఒకేచోట నుంచి చూసుకోవాలన్నా కొనుక్కోవచ్చు. పుణే సంస్థ క్విక్ హీల్‌తో పాటు బిట్‌డిఫెండర్, ఈసెట్ లాంటివి ఉన్నాయి. అయితే మీరు కొనే ఏడాది ఏవీ టెస్ట్ లాంటి సంస్థల పరీక్షల్లో వాటికి ఎన్ని మార్కులు వచ్చాయో చూసి ఎంచుకోండి, దుకాణంలో అట్టపెట్టె మీద రాసింది చూసి కాదు. కార్డుతో కొంటే రెండో ఏడాది డబ్బు దానంతట అదే కోసుకునే ఏర్పాటు ఉందేమో చూసి ఆపేయండి.

నిజంగా మీరు పట్టించుకోవాల్సింది విండోస్ 10 సంగతి. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. డిఫెండర్‌కు కొత్త వైరస్‌ల జాబితాలు 2028 అక్టోబరు దాకా పంపుతామన్నారు గానీ, అది వేరు, ఇది వేరు. డిఫెండర్ కాపలావాడు, విండోస్ అప్‌డేట్ గోడకు పడ్డ కన్నం పూడ్చే తాపీమేస్త్రీ. మేస్త్రీ రావడం మానేస్తే కాపలావాడు ఒక్కడూ ఎంతకని చూస్తాడు? ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు జరిగిందదే. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుకునే పథకం ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగులను ఆ ఖాతాలో భద్రపరచడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కరలేదు. ఈలోగా ఆ కంప్యూటర్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత సాధనంతో చూసుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఏడేళ్ల కిందటిదంటే అటో ఇటో అన్నట్టుగా ఉంటుంది.

పెన్‌డ్రైవ్ గురించి ఒక్క మాట. జెరాక్స్ షాపులో ప్రింటుకు ఇచ్చి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతే కంగారుపడి వాటి మీద నొక్కకండి. ముందు డిఫెండర్‌తో ఆ పెన్‌డ్రైవ్‌ను తనిఖీ చేయించండి. ఆ తరువాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద హిడెన్ ఐటమ్స్ పెట్టి చూస్తే, చాలాసార్లు అసలు ఫైళ్లు అందులోనే దాగి ఉంటాయి.

ఏ పని మొదలుపెట్టే ముందైనా, దుకాణానికి తీసుకెళ్లే ముందైనా, ఫొటోలు, కాగితాల నకళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించండి. ఎక్కించాక దాన్ని కంప్యూటర్ నుంచి తీసి విడిగా పెట్టండి. తగిలించి వదిలేస్తే, వానాక్రై లాంటిది వచ్చినప్పుడు అందులోవి కూడా పోతాయి. మా ఇంట్లో అది బీరువాలో పొలం పాస్‌బుక్కుల పక్కన ఉంటుంది. ఏ రోజు నకలు తీశామో మావయ్యగారు దాని మీద అంటించిన చీటీలో తన చేత్తో రాస్తారు. తుఫాను తరువాత నాటిన కొబ్బరి మొక్కల ఫొటోలు ఇప్పుడు అందులో ఉన్నాయి.

ఈ రాత్రికి రెండు విషయాలు చూసి ఇక్కడే రాయండి. ఆ హెచ్చరిక పక్కన ఏ సైటు పేరుంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎంత చూపిస్తోంది. దాన్నిబట్టి ఎస్ఎస్‌డీ కావాలో వద్దో చెబుతాను.