ఆర్డరు మొత్తం పంపకు, ఆర్డరు నంబరు పంపు

అమ్మలూ,

నీ మెయిల్ చూశాను. పచ్చళ్ల ఆర్డర్లు తీసుకునే యాప్ చేస్తున్నావని తెలిసి సంతోషం వేసింది. లిస్టులో ఒక ఆర్డరును నొక్కితే దాని వివరాలు రెండో స్క్రీన్‌కి ఎలా చేర్చాలో ఆఫీసులో తలా ఒక దారి చెబుతున్నారని రాశావు. ఒకరు ఇంటెంట్‌లో, అంటే ఒక స్క్రీన్‌ని తెరవమని సిస్టమ్‌కి ఇచ్చే సందేశంలో, ఆర్డరు మొత్తం పెట్టమన్నారు, ఒకరు యాప్ అంతా చూడగలిగే స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టి అవతల తీసుకోమన్నారు, ఇంకొకరు చిన్న విలువలను ఫోన్‌లో ఫైలుగా దాచే షేర్డ్ ప్రిఫరెన్సెస్ చాలన్నారు. మూడూ నీ ఫోన్‌లో బాగానే నడిచాయి కాబట్టి ఏది ఎంచుకోవాలో తేలడం లేదన్నావు. నీ ఫోన్‌లో నడిచినంత మాత్రాన ఇక్కడ ఏమీ తేలదమ్మా. ఆండ్రాయిడ్‌లో ఒక స్క్రీన్ ఎప్పుడు పుడుతుంది, ఎప్పుడు పోతుంది, పోయాక మళ్లీ ఎలా లేస్తుంది అనేది ముందు తెలియాలి. అది తెలిస్తే ఆ ముగ్గురిలో ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో నువ్వే చెప్పగలవు.

మీ యాప్ వాడే ఒకావిడ ఆర్డరు వివరాల స్క్రీన్‌లో ఉంది అనుకో. పిన్‌కోడ్ గుర్తురాక వాట్సాప్‌కి వెళ్లింది, అక్కడి నుంచి ఒక వీడియోలోకి వెళ్లింది, తర్వాత కెమెరా తెరిచింది. ర్యామ్ తక్కువున్న ఫోనైతే ఈలోగా సిస్టమ్ మీ యాప్ ప్రాసెస్‌ని, అంటే మెమరీలో నడుస్తున్న యాప్‌ని, చంపేస్తుంది. ఆవిడకి ఆ సంగతి తెలియదు. ఇటీవల వాడిన యాప్‌లు చూపే రీసెంట్స్‌లో మీ యాప్ బొమ్మ అలాగే ఉంటుంది. దాన్ని నొక్కితే ఆండ్రాయిడ్ కొత్త ప్రాసెస్ మొదలుపెట్టి, మొదటి స్క్రీన్ జోలికి పోకుండా నేరుగా వివరాల స్క్రీన్‌నే మళ్లీ లేపుతుంది. లిస్టు స్క్రీన్‌లో నువ్వు రాసిన కోడ్ ఒక్క లైను కూడా అప్పటికి నడవలేదు. ఆ కోడ్ నింపాల్సిన స్టాటిక్ వేరియబుల్ ఖాళీగా ఉంటుంది. యాప్ మొత్తానికి ఒక్కటే ఉండే సింగిల్‌టన్ ఆబ్జెక్ట్ అయినా అంతే, యాప్లికేషన్ క్లాసులో దాచినా అంతే. ప్రాసెస్‌తో పాటే అన్నీ పోయాయి. ఆవిడకి తెల్ల స్క్రీన్ కనిపిస్తుంది, లేదా యాప్ పడిపోతుంది.

పోనిది ఒకటుంది. ఆ స్క్రీన్‌ని మొదట తెరిచిన ఇంటెంట్‌ని, అందులో జతచేసిన విలువలైన ఎక్స్‌ట్రాలతో సహా, సిస్టమ్ తన దగ్గర పెట్టుకుంటుంది. ఫ్రాగ్మెంట్ (స్క్రీన్‌లో ఒక భాగం) అయితే దాని ఆర్గ్యుమెంట్స్ బండిల్, అంటే పేరూ విలువా జతలుగా కట్టిన మూట, అలాగే దాచి ఉంచుతుంది. మళ్లీ లేపేటప్పుడు వాటిని తిరిగి చేతికిస్తుంది. అందుకే ఫ్రాగ్మెంట్‌కి కన్‌స్ట్రక్టర్‌లో డేటా ఇవ్వవద్దంటారు. తిరిగి లేపేటప్పుడు సిస్టమ్ మామూలుగా ఖాళీ కన్‌స్ట్రక్టర్‌నే పిలుస్తుంది, నువ్వు ఇచ్చినదేదీ దానికి తెలియదు.

కాబట్టి ఏ స్క్రీన్ రాసినా నిన్ను నువ్వు ఒకటే ప్రశ్న వేసుకో. దీనికి ముందు ఏ స్క్రీనూ నడవలేదు, దీని చేతిలో ఉన్నది బండిల్ ఒక్కటే, అప్పుడు ఇది తనంతట తాను నిలబడగలదా? నిలబడగలిగితే డేటా సరిగ్గా పంపినట్టే.

ఇంటెంట్ సిస్టమ్ దగ్గర భద్రంగా ఉంటుందంటే ఆర్డరు మొత్తం అందులోనే పెట్టేద్దాం అనిపిస్తుంది. నేను వద్దంటాను. ఊరు చూడవచ్చే చుట్టానికి ఇంటి చిరునామా చెబుతాం గానీ ఇల్లు ఎత్తి చేతిలో పెట్టం. స్క్రీన్‌కి కూడా ఆర్డరు ఐడీ ఒక్కటి ఇస్తే చాలు. మిగతాది అది ఫోన్‌లోనే ఉండే రూమ్ డేటాబేస్ నుంచి తెచ్చుకుంటుంది, అక్కడ లేకపోతే డేటా తెచ్చిపెట్టే రిపోజిటరీ అనే కోడ్ సర్వర్‌ని అడుగుతుంది.

ఇలా ఎందుకంటున్నానంటే, వస్తువు మొత్తం పంపితే అవతలికి చేరేది దాని నకలు. ఆవకాయ అరకిలో అని లిస్టులో ఉంది. వివరాల స్క్రీన్‌కి ఆ ఆర్డరు నకలు వెళ్లింది, అక్కడి నుంచి మార్పుల స్క్రీన్‌కి ఇంకో నకలు వెళ్లింది. ఆవిడ అరకిలోని కిలో చేసింది. ఇప్పుడు మూడు స్క్రీన్లలో మూడు ఆర్డర్లు ఉన్నాయి, వాటిలో రెండు పాతవి. వెనక్కి వచ్చేసరికి అరకిలోనే కనిపిస్తుంది. ఆవిడ మళ్లీ మారుస్తుంది, లేదా యాప్ మీద నమ్మకం పోయి షాపుకి ఫోన్ చేస్తుంది. దీన్ని సరిచేయడానికి ప్రతి స్క్రీన్‌లో రిఫ్రెష్ కోడ్ రాసుకుంటూ పోతే దానికి అంతుండదు. ఐడీ మాత్రమే పంపి, ప్రతి స్క్రీనూ రూమ్ ఇచ్చే ఫ్లోని (మార్పు జరిగినప్పుడల్లా కొత్త విలువ పంపే ధారని) గమనిస్తూ ఉంటే, డేటాబేస్‌లో ఒకచోట మారింది అన్నిచోట్లా దానంతటదే మారుతుంది. స్క్రీన్ల మధ్య డేటా పంపాల్సిన అవసరమే చాలావరకు తగ్గిపోతుంది. ఈ లేఖలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకో.

సైజు సంగతి కూడా ఉంది. ఇంటెంట్‌లో పెట్టింది బైండర్ (ప్రాసెస్‌ల మధ్య డేటా మోసే ఏర్పాటు) మీదుగా సిస్టమ్‌కి వెళ్తుంది. ఆ బఫర్ 1 ఎంబీ. అది కూడా నీ ఒక్క ఇంటెంట్‌ది కాదు, ఆ సమయంలో మీ ప్రాసెస్‌లో నడుస్తున్న ట్రాన్సాక్షన్లన్నీ కలిసి వాడుకునేది. అది దాటితే ట్రాన్సాక్షన్ టూ లార్జ్ ఎక్సెప్షన్ వచ్చి యాప్ పడిపోతుంది. స్క్రీన్ మళ్లీ లేచేటప్పుడు తిరిగి ఇవ్వమని సిస్టమ్ దగ్గర దాచే సేవ్డ్ స్టేట్‌లో ఎక్కువ పెట్టినా ఇదే గతి. ఆండ్రాయిడ్ 7.0కి ముందు దాన్ని లాగ్‌లో రాసి ఊరుకునేవారు, అప్పటి నుంచి క్రాష్ చేస్తున్నారు. ఇంటెంట్‌లో కొన్ని కేబీలకు మించకూడదని, సేవ్డ్ స్టేట్ 50 కేబీ లోపు ఉంచుకోవాలని గూగుల్ వాళ్లే చెబుతారు. నీ దగ్గర టెస్టింగ్‌కి పది ఆర్డర్లే ఉంటాయి, ఆ లిస్టు మొత్తం పంపినా నడుస్తుంది. సంక్రాంతి ముందు ఒక పెద్ద షాపు వాళ్ల లిస్టు వచ్చినప్పుడు ఈ క్రాష్‌లు మొదలవుతాయి.

ఫొటోలైతే మరీను. 1080 పిక్సెళ్ల వెడల్పు, 1920 పిక్సెళ్ల ఎత్తున్న బొమ్మ మెమరీలో బిట్‌మ్యాప్‌గా ఉంటే పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 80 లక్షల బైట్లు దాటుతుంది. 1 ఎంబీలో అది ఎలా పడుతుంది? పచ్చడి సీసా ఫొటోని ఫైలుగా దాచి, దాని యూఆర్‌ఐ (ఫైలు చిరునామా) పంపు. వేరే యాప్‌కి ఇవ్వాల్సి వస్తే ఫైల్ ప్రొవైడర్ ద్వారా ఇచ్చి, చదివే అనుమతి ఫ్లాగ్ జతచేయి.

వస్తువుని పంపడానికి వీలుగా మార్చే రెండు పద్ధతుల్లో పార్సెలబులా, సీరియలైజబులా అని కూడా అడిగావు. చిన్న వస్తువేదైనా పంపక తప్పకపోతే కోట్లిన్‌లో పార్సెలైజ్ యానొటేషన్ పెట్టుకో. ఐడీలతో పని జరిగేచోట ఈ చర్చకి ఎక్కువ సమయం పెట్టకు.

దానికంటే కీ పేర్ల మీద, అంటే విలువని ఏ పేరుతో పెట్టి ఏ పేరుతో అడుగుతున్నావో దాని మీద, శ్రద్ధ పెట్టు. ఒకవైపు ఒక స్పెల్లింగు, ఇంకోవైపు ఇంకో స్పెల్లింగు ఉంటే ఆండ్రాయిడ్ ఏమీ అనదు, నువ్వు ఇచ్చిన డిఫాల్ట్ విలువ చేతిలో పెడుతుంది. ఐడీని లాంగ్‌గా పెట్టి ఇంట్‌గా అడిగినా అంతే. ఆండ్రాయిడ్ లాగ్ చూపే లాగ్‌క్యాట్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, డిఫాల్ట్‌గా సున్నా ఇచ్చి ఉంటే నీకు సున్నా వస్తుంది. సున్నా నంబరు ఆర్డరు ఎక్కడా ఉండదు కాబట్టి ఖాళీ స్క్రీన్ వస్తుంది, తప్పెక్కడో దొరకక గంటలు పోతాయి. అందుకని కీలన్నీ కాన్‌స్టంట్లుగా ఒకేచోట పెట్టు. ఇంకా మంచిది, తెరవబడే స్క్రీన్ క్లాసులోనే ఇంటెంట్ తయారుచేసే ఫంక్షన్ ఒకటి రాసి, ఆర్డరు ఐడీని దానికి పారామీటర్‌గా పెట్టు. అప్పుడు ఐడీ ఇవ్వకుండా ఆ స్క్రీన్ తెరుద్దామన్నా కంపైలర్ ఒప్పుకోదు. స్క్రీన్ల మధ్య కదలికలు చూసుకునే నావిగేషన్ కాంపోనెంట్ లైబ్రరీ వాడితే, దానితో వచ్చే సేఫ్ ఆర్గ్స్ ఈ పని చేసిపెడుతుంది. స్క్రీన్లను కోట్లిన్ కోడ్‌తోనే రాసే కంపోజ్‌లో ఉంటే, నావిగేషన్ 2.8 నుంచి రూట్‌ని (స్క్రీన్‌కి వెళ్లే దారిని) కోట్లిన్ సీరియలైజబుల్ యానొటేషన్ ఉన్న క్లాసుగా రాయవచ్చు, అదే వాడు. పాత పద్ధతిలో రూట్ అంటే వెబ్ అడ్రస్ లాంటి స్ట్రింగు. అందులో వస్తువు మొత్తాన్ని జేసన్ అనే అక్షరరూపంలోకి మార్చి ఇరికించినవాళ్లు ఉన్నారు. చిరునామాలో 12/4 అని ఒక ఇంటి నంబరు రాగానే ఆ గీత దగ్గర రూట్ రెండు ముక్కలవుతుంది. మన ఊళ్లలో గీత లేని ఇంటి నంబరు ఎన్నింటికి ఉంటుంది చెప్పు!

ఇప్పుడు వెనక్కి తేవడం. చిరునామా ఎంచుకునే స్క్రీన్ నుంచి బిల్లు స్క్రీన్‌కి రావాలి. యాక్టివిటీల (ఆండ్రాయిడ్‌లో పూర్తి స్క్రీన్లకి పేరు) మధ్య అయితే స్టార్ట్ యాక్టివిటీ ఫర్ రిజల్ట్ అనే పాతది వదిలేసి, రిజిస్టర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్ వాడు. దాన్ని క్లాసు ఫీల్డుగా, ఏ షరతూ లేకుండా రిజిస్టర్ చేయాలి. బటన్ నొక్కినప్పుడు రిజిస్టర్ చేద్దామంటే స్క్రీన్ అప్పటికే మొదలైపోయిందని ఎక్సెప్షన్ వస్తుంది. ఆ నియమం వెనక ఉన్నదీ నేను మొదట చెప్పిన కారణమే. కెమెరా తెరిచి ఉండగా మీ ప్రాసెస్ పోవచ్చు, మళ్లీ లేచాక ఫొటో అందుకోవడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి. ఫొటో ఏ సీసాదో మామూలు వేరియబుల్‌లో పెట్టుకుని కెమెరా తెరవకు, అది సేవ్డ్ స్టేట్‌లో ఉండాలి. ఫ్రాగ్మెంట్ల మధ్య అయితే సెట్ ఫ్రాగ్మెంట్ రిజల్ట్ సరిపోతుంది. ఇక్కడ కూడా తిరిగి రావాల్సింది చిరునామా ఐడీయే, చిరునామా కాదు.

నాలుగు స్క్రీన్లలో సాగే పని ఒకటుంది మీకు: బుట్ట, చిరునామా, డెలివరీ తేదీ, చెల్లింపు. అక్కడ ఒక్కో స్క్రీన్ నుంచి తర్వాతదానికి అన్నీ మోసుకుపోవద్దు. ఆ నాలుగింటినీ ఒక నావిగేషన్ గ్రాఫ్‌లో (స్క్రీన్ల గుంపులో) పెట్టి, ఆ గ్రాఫ్‌కి చెందిన వ్యూమోడల్, అంటే స్క్రీన్ల డేటా పట్టుకునే ఆబ్జెక్ట్, ఒకటి పెట్టు. నాలుగూ దాన్నే చూస్తాయి, గ్రాఫ్ నుంచి బయటికి రాగానే అది కూడా పోతుంది. ఆ వ్యూమోడల్‌ని గ్రాఫ్‌కి కాకుండా యాక్టివిటీకి తగిలిస్తే పోయిన ఆర్డరు తాలూకు తేదీ కొత్త ఆర్డరులో కనిపించే ప్రమాదం ఉంది. ఒక్క సంగతి మాత్రం మరవకు. ఫోన్ అడ్డంగా తిప్పితే వ్యూమోడల్ బతుకుతుంది గానీ ప్రాసెస్ పోతే బతకదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ఆవిడ టైపు చేసినవీ ఎంచుకున్నవీ వ్యూమోడల్ నుంచి సేవ్డ్ స్టేట్‌ని అందుకునే సేవ్డ్ స్టేట్ హ్యాండిల్‌లో పెట్టు, బుట్టని డేటాబేస్‌లో పెట్టు.

షేర్డ్ ప్రిఫరెన్సెస్ అన్నవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయను, ప్రాసెస్ పోయినా అది ఉంటుంది. కానీ అది ఉండాల్సిన దానికంటే ఎక్కువకాలం ఉంటుంది. ఎంచుకున్న ఆర్డరు అని ఒకే గదిలో రాసిపెడితే, వివరాల స్క్రీన్ రెండుసార్లు తెరిచినప్పుడు రెండూ చివరి ఆర్డరునే చూపిస్తాయి. భాష, థీమ్ లాంటి సెట్టింగులకి దాన్ని ఉంచు. ఎవరు వింటున్నారో చూడకుండా యాప్ అంతటికీ సందేశాలు పంపే ఈవెంట్ బస్ జోలికి మాత్రం అసలు పోవద్దు. ఎవరు పంపారో ఎవరు అందుకున్నారో కోడ్ చదివి చెప్పలేని పరిస్థితి వస్తుంది.

మీ యాప్‌లో నోటిఫికేషన్లు కూడా ఉంటాయిగా? రెండు ఆర్డర్లకి రెండు నోటిఫికేషన్లు వచ్చి, ఏది నొక్కినా ఒకే ఆర్డరు తెరుచుకుంటోందని టెస్టర్లు చెబితే కంగారుపడకు. నొక్కినప్పుడు నడపమని నోటిఫికేషన్‌కి ముందే ఇచ్చి ఉంచే ఇంటెంట్‌ని పెండింగ్ ఇంటెంట్ అంటారు, అలాంటివి రెండు ఒకటేనా కాదా అని పోల్చేటప్పుడు సిస్టమ్ ఎక్స్‌ట్రాలను చూడదు. మిగతావన్నీ ఒకటే అయితే రెండింటినీ ఒకటిగా లెక్కేస్తుంది. ఆర్డరును బట్టి రిక్వెస్ట్ కోడ్ మారేలా చూడు, లేదా ఐడీని ఇంటెంట్ డేటా యూఆర్‌ఐలో పెట్టు. స్క్రీన్ సింగిల్ టాప్‌గా (పైన ఉంటే మళ్లీ కొత్తది తెరవనిదిగా) ఉండి అప్పటికే తెరిచి ఉంటే, కొత్త ఐడీ ఆన్ న్యూ ఇంటెంట్‌లోకి వస్తుంది. అక్కడ సెట్ ఇంటెంట్ పిలవకపోతే గెట్ ఇంటెంట్ పాతదే ఇస్తూ ఉంటుంది.

ఇంకొకటి, ఇది డబ్బుకి సంబంధించింది. చెల్లింపు స్క్రీన్‌కి మొత్తం ఎంతో ఎక్స్‌ట్రాగా పంపి, దాన్నే వసూలు చేయకు. ఎక్స్‌పోర్ట్ అయిన, అంటే బయటి యాప్‌లకి తెరిచి ఉంచిన, యాక్టివిటీకి ఫోన్‌లోని ఏ యాప్ అయినా ఇంటెంట్ పంపవచ్చు, అందులో ధర ఒక రూపాయి అని రాయవచ్చు. ఐడీ పంపు, ధర సర్వర్ చెప్పాలి. ఆ ఐడీ గల ఆర్డరు లాగిన్ అయిన మనిషిదేనా అని కూడా సర్వరే చూడాలి. బయటివాళ్లు తెరవాల్సిన అవసరం లేని స్క్రీన్లన్నింటికీ యాప్ వివరాలు రాసే మ్యానిఫెస్ట్ ఫైల్లో ఎక్స్‌పోర్టెడ్ ఫాల్స్ అని రాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే పద్ధతి చెబుతాను. డెవలపర్ ఆప్షన్స్‌లో యాక్టివిటీలను ఉంచుకోవద్దు అనే స్విచ్ ఉంటుంది. అది పనికొస్తుంది గానీ చాలదు. యాక్టివిటీ పోతుందే తప్ప ప్రాసెస్ పోదు, స్టాటిక్ వేరియబుళ్లు బతికే ఉంటాయి, తప్పు దాక్కుంటుంది. రీసెంట్స్ నుంచి పక్కకి తోసేయడం కూడా కాదు, అలా చేస్తే సేవ్డ్ స్టేట్ కూడా పోయి యాప్ మొదటి నుంచి మొదలవుతుంది. పరీక్షించాల్సిన స్క్రీన్‌లో ఉండి హోమ్ బటన్ నొక్కు. ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ అనే ఉపకరణంతో ఏడీబీ షెల్ ఏఎం కిల్ అని, పక్కన మీ ప్యాకేజీ పేరు ఇచ్చి నడుపు. తర్వాత రీసెంట్స్ నుంచి యాప్‌లోకి తిరిగి వెళ్లు.

ముందు చిరునామా స్క్రీన్‌లో సగం టైపు చేసి ఈ పరీక్ష పెట్టు. తర్వాత కెమెరా తెరిచి ఉండగా పెట్టు, ఆ తర్వాత డెలివరీ తేదీ ఎంచుకున్నాక. స్క్రీన్ల పేర్లు ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, ఒక్కొక్కదానికి ఎదురుగా అది ఏం తీసుకుంటుందో, ఏం తిరిగి ఇస్తుందో రాసి నాకు ఫొటో తీసి పంపు. ఏ గడిలోనైనా ఐడీ కాకుండా వేరేది కనిపిస్తే ఆదివారం కూర్చుని దాని సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య