గిటార్‌లో హార్మోనిక్స్ 12వ ఫ్రెట్ దగ్గర తప్ప రావట్లేదు, గిటార్ మార్చాలా?

మార్చక్కర్లేదు. తీగను నొక్కకుండా వేలు ఊరికే ఆనించి మీటితే వచ్చే గంటలాంటి సన్నని స్వరాలే హార్మోనిక్స్. గుంటూరు నుంచి అడిగారు కాబట్టి మార్చాల్సింది బహుశా తీగలు. ఆ సంగతి తర్వాత. 12 దగ్గర చక్కగా మోగుతోంది, 7 దగ్గర అరకొరగా వస్తోంది, 5 దగ్గర 'టక్' మని చచ్చిపోతోంది అంటున్నారు. ఎడమచేతి వేలు ఎంత తేలిగ్గా ఆనించాలో ప్రతి వీడియోలోనూ చెబుతారు. కుడిచెయ్యి ఎక్కడ మీటాలో మాత్రం ఎవరూ చెప్పరు. మీ తిప్పలు చాలావరకు అక్కడే.

ఎడమచెయ్యి గురించి రెండే మాటలు. కార్డు (కొన్ని స్వరాలు కలిపి) పట్టేటప్పుడు వేలు ఫ్రెట్ కమ్మీకి, అంటే మెడ మీది అడ్డ కమ్మీకి, కాస్త వెనక పెడతాం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు, వేలు సరిగ్గా కమ్మీ నెత్తిమీదే ఉండాలి. తీగ కిందికి వంగకూడదు. మీటిన వెంటనే వేలు ఎత్తెయ్యాలి. ముందే ఎత్తితే మామూలు ఓపెన్ (ఏమీ నొక్కని తీగ) స్వరం వస్తుంది, ఆలస్యం చేస్తే మోత తగ్గిపోతుంది. 12 దగ్గర వేలు కొంచెం అటూ ఇటూ అయినా గిటార్ సర్దుకుపోతుంది, 5 దగ్గర సర్దుకోదు.

ఇప్పుడు అసలు విషయం. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (గిటార్ పొట్ట మీద తీగలు ఆనే పట్టీ) దాకా తీగ పొడవు చాలా గిటార్లలో 65 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నట్ వైపు నుంచి చూస్తే 12వ ఫ్రెట్ సగంలో, 7వది మూడోవంతులో, 5వది నాలుగోవంతులో ఉంటాయి. 5 దగ్గర వేలు ఆనించి మీటితే తీగ నాలుగు ముక్కలుగా ఊగుతుంది. ఆ ముక్కల మధ్య తీగ కదలని చోట్లు మూడు: మీ వేలి కింద ఒకటి, 12 మీద ఒకటి, శాడిల్ నుంచి దాదాపు 16 సెంటీమీటర్ల దూరంలో ఇంకొకటి. స్కేలు పెట్టి కొలవండి, ఆ మూడోది అకూస్టిక్ గిటార్‌లో సౌండ్‌హోల్ మీదికి వస్తుంది. మనవాళ్ళు స్ట్రమ్మింగ్ నేర్చుకునేది సరిగ్గా అక్కడ! ఏ స్వరానికి తీగ ఎక్కడ కదలదో అక్కడే మీటితే ఆ స్వరం పుట్టదు. చెయ్యి వెనక్కి జరిపి, శాడిల్ నుంచి 5 నుంచి 8 సెంటీమీటర్ల మధ్య పిక్‌తో కాస్త గట్టిగా మీటండి. 5 అప్పుడే పలుకుతుంది, దానికి కొత్త గిటార్ ఎందుకు?

నమ్మకం కుదరకపోతే కాగితంతో చూడొచ్చు. గిటార్ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి. గోరంత కాగితం ముక్కలు రెండు మధ్యకు మడిచి, లావు తీగ మీద ఒకటి 12వ కమ్మీ పైన, ఒకటి 19వ కమ్మీ పైన గుర్రమెక్కించినట్టు కూర్చోబెట్టండి. 7 దగ్గర వేలు ఆనించి శాడిల్ పక్కన మెల్లగా మీటండి. 12 మీది ముక్క ఎగిరి పడుతుంది, 19 మీదిది కూర్చునే ఉంటుంది. తీగ మూడు ముక్కలైంది కాబట్టి 7, 19 కదలని చోట్లు, 12 మధ్య ముక్కకు నడుమ పడి అందరికన్నా ఎక్కువ ఊగుతుంది. 19 మీది ముక్క కూడా పడిపోతే గట్టిగా మీటారనో, వేలు కమ్మీ నెత్తిన లేదనో అర్థం. హార్మోనిక్ ఎందుకు వస్తుందో ఇంతకంటే బాగా చెప్పే పాఠం లేదని నా అభిప్రాయం.

స్వరాల్లో చెప్పుకుంటే ఇంకా తేలిక. ఓపెన్ తీగ షడ్జమం అనుకోండి. 12 పై షడ్జమం, 7 దాని పంచమం, 5 ఇంకో మెట్టు పై షడ్జమం. 4వ కమ్మీ నుంచి కాస్త నట్ వైపు జరిగితే అంతర గాంధారం దొరుకుతుంది. ఫోన్ ట్యూనర్ దాన్ని 14 సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల మధ్య తేడా వంద సెంట్లు) తక్కువ చూపిస్తుంది. కంగారుపడొద్దు, సహజ గాంధారం అక్కడే ఉంటుంది, ట్యూనర్ చూపేది సమానంగా పంచిన మెట్లు. తంబురా షడ్జమం తీగలో చెవికి తగిలే గాంధారం ఇదే. ఘంటసాల పేరిట సంగీత కళాశాల బెజవాడలో పెట్టుకుని కూడా మన గిటార్ పిల్లలు తంబురా పక్కన ఒక గంట కూర్చోరు. నాలుగు కార్డులు, ఒక సినిమా పాట, దాంతో కోర్సు అయిపోయిందంటారు.

ఇక తీగలు. మన దగ్గర ఎండ, చెమట, గాలిలో తేమ కలిసి స్టీలు తీగను త్వరగా తినేస్తాయి. లావు తీగల చుట్ల మధ్య మురికి పేరుకుంటే పై స్వరాలే ముందు పోతాయి. 12 మోగి, చెయ్యి సరైన చోట మీటినా 7, 5 మొద్దుగా ఉన్నాయంటే తీగ పని అయిపోయినట్టే. వాయించాక పొడి నూలుగుడ్డతో తీగ కిందా పైనా తుడిస్తే ఎక్కువకాలం వస్తాయి. కొత్తగా కొన్న గిటార్ మీద తీగలు కూడా కొత్తవని నమ్మకండి. షాపు అద్దాల వెనక ఎండలో వేలాడదీసినవాటికి మొదటిరోజే తుప్పుంటుంది. ఏసీ గదిలో శ్రుతి చేసి బయటికి తెస్తే తీగ వేడెక్కి సాగి శ్రుతి దిగుతుందని కూడా గుర్తుంచుకోండి.

5, 7 స్పష్టంగా వచ్చాక వాటితో శ్రుతి చేసుకోవచ్చు. అన్నిటికన్నా లావుది 6వ తీగ, సన్నది 1వది. 6వ తీగ మీద 5వ ఫ్రెట్ హార్మోనిక్, 5వ తీగ మీద 7వ ఫ్రెట్ హార్మోనిక్ ఒకే స్వరం. రెండూ కలిపి మోగిస్తే వచ్చే 'వావ్ వావ్' అల మెల్లగా ఆగిపోయేదాకా బిరడ తిప్పండి. 5-4, 4-3, 2-1 జతలకూ ఇదే పద్ధతి. 3-2 జతకు పనిచేయదు, 6వ తీగ 7వ ఫ్రెట్ హార్మోనిక్‌ను ఓపెన్ 2వ తీగతో పోల్చుకోండి.

నొక్కిన స్వరానికి కూడా హార్మోనిక్ కావాలంటే నొక్కిన ఫ్రెట్ అంకెకు 12 కలపండి. 2వ ఫ్రెట్ నొక్కితే 14వ కమ్మీ మీద కుడి చూపుడువేలు ఆనించి, అదే చేతి ఉంగరంవేలితో మీటాలి. మొదట 3వ తీగ మీద మొదలుపెట్టండి.