బ్రేకు వేసి, అడ్డం తిప్పి

బిట్రగుంట,
ఆదివారం.

చిన్నమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేశాక మీ అమ్మ చెప్పింది. వచ్చే శనివారం నువ్వూ అల్లుడుగారూ పాపని స్ట్రోలర్లో కూర్చోబెట్టుకుని అక్కడ అమెరికాలో, యాష్‌బర్న్ నుంచి లీస్‌బర్గ్ దాకా, పట్టాలు తీసేసి తారు వేసిన పాత రైలుదారి మీద నడుస్తారట కదా. నా కూతురు తన కూతుర్ని రైలుకట్ట మీద షికారుకి తీసుకెళ్తోందని వినగానే గుండె నిండిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అనేసి పెట్టేస్తావని, పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను.

ముందు ఆ లీస్‌బర్గ్ మాట మానేయండి. ఆ దారి పక్కన అరమైలుకో గుర్తు ఉంటుంది, చూశావు కదా. యాష్‌బర్న్ ఇరవై ఏడున్నర మైలు దగ్గర, లీస్‌బర్గ్ ముప్పై నాలుగో మైలు దగ్గర. ఆరున్నర మైళ్లంటే పది కిలోమీటర్ల పైమాటే. మళ్లీ కారు దగ్గరికి ఎలా వస్తారు? పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు. గంటసేపు కూర్చుంటుంది, తర్వాత దిగుతానంటుంది. దిగాక పుల్ల కనబడితే పుల్ల దగ్గర, చీమ కనబడితే చీమ దగ్గర ఆగుతుంది. ఆగనివ్వండి, దాన్ని తీసుకెళ్లేది అందుకే. మైలున్నర వెళ్లి వెనక్కి తిరగండి. అది ఏడవకముందే తిరగాలి, ఏడ్చాక కాదు.

పెరుగన్నం, అరటిపండు, నీళ్లు, రెండు జతల బట్టలు. టోపీ. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

అక్కడ కుడిపక్క నడవాలి. సైకిళ్లవాళ్లు వెనకనుంచి బాణాల్లా వస్తారు, "ఆన్ యువర్ లెఫ్ట్" అని, అంటే నీ ఎడమపక్క నుంచి దాటుతున్నానని, ఒక కేక వేస్తారు. ఆ కేక వినబడితే బెదిరి పక్కకి దూకకూడదు, ఉన్న గీతలోనే ఉండాలి. పాప కింద నడుస్తుంటే దానికి ఎడమపక్క మీ ఇద్దరిలో ఒకరుండాలి. తారు దారి పక్కనే గుర్రాల కోసం కంకర దారి ఉంటుంది. దాని మీదకి పోకండి, చిన్న చక్రాలు దిగబడిపోతాయి. గడ్డిలో పిడుదులుంటాయి. మన గేదెలకి పట్టేవాటికంటే చిన్నవి, గసగసాలంత. ఇంటికి రాగానే పాప చెవుల వెనక, మోకాళ్ల మడతల్లో, జుట్టు మొదళ్లలో వేళ్లతో తడిమి చూడు. దాన్నుంచి లైమ్ అనే జబ్బు అంటుకోవడానికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది కాబట్టి ఆ సాయంత్రమే చూసుకుంటే భయం తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే రాస్తున్నాను.

2011లో మేం మీ అక్క దగ్గర ఆరు నెలలున్నాం కదా. దాని కొడుక్కి అప్పుడు పద్నాలుగు నెలలు. రోజూ పొద్దున నేనే స్ట్రోలర్ తోసుకుంటూ హెర్న్‌డన్‌లో అదే దారి మీద నడిచేవాణ్ణి. పాత స్టేషన్ దగ్గర ఎర్రరంగు వేసిన కబూస్ ఒకటి నిలబెట్టారు. కబూస్ అంటే ఏమిటనుకున్నావు, మన బ్రేక్ వ్యానే. బండి చివర గార్డు కూర్చునే పెట్టె. 34 ఏళ్లు నేను బతికింది దాంట్లోనే. చిన్నప్పుడు క్వార్టర్స్ గోడెక్కి నువ్వు చెయ్యూపింది దానికే. ఆ దారి మీద రైళ్లు 1968లోనే ఆగిపోయాయట. రైలు పోయినా ఆ పెట్టె ఉంది. చూడగానే నాకు ఏదో అయిపోయింది. స్ట్రోలర్ వదిలి అటు నడిచాను.

బ్రేకు వెయ్యలేదు. అక్కడ చదునే కదా అనుకున్నాను.

చదును ఎక్కడుందమ్మా! ఆ మాట నేనే అనుకోకూడదు. స్టేషన్ యార్డులో 400 అడుగులకి ఒక అడుగు మించి వాలు ఉండకూడదు, వీలైతే 1200కి ఒకటే ఉండాలి అని మన రైల్వే రూలు. ఎందుకంత తక్కువ? ఇంజన్ విప్పేసిన వ్యాగన్ గాలి తోసినా కదులుతుంది కాబట్టి. ఆ వాలు కంటికి కనబడదు, చక్రానికి తెలుస్తుంది. హ్యాండ్ బ్రేకులు బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టి, గొలుసులు కట్టి, అప్పుడు గానీ బండి వదిలేవాళ్లం కాదు. అంత చేసినవాణ్ణి, పసివాణ్ణి కూర్చోబెట్టిన బండిని ఉత్తినే వదిలేశాను.

కబూస్ మెట్టు మీద చెయ్యి వేశాను. ఇనుము చల్లగా ఉంది. అప్పుడు వినిపించింది, చిన్న చక్రాలు తారు మీద చేసే గరగర. తిరిగి చూస్తే స్ట్రోలర్ రోడ్డు దాటే చోటు వైపు పోతోంది. పెద్ద వేగం కాదు, మనిషి నడిచేంతే. వాడు చెప్పులేని పాదాలు ఊపుకుంటూ ఎదురుగా చూస్తున్నాడు. రోడ్డు మీద కార్లు. నేను పరుగెత్తాను, అరవై ఏళ్ల మోకాళ్లు. నోట్లోంచి మాట రాలేదు, పిలుద్దామంటే ఎవర్ని ఏమని పిలవాలో తెలియలేదు. ఎదురుగా పరుగు తీస్తూ వస్తున్న ఒకావిడ, ఎవరో నాకు తెలియదు, కాలు అడ్డం పెట్టి స్ట్రోలర్ తోసే రాడ్ పట్టుకుంది. రోడ్డుకి నాలుగు బారల దూరంలో. ఆవిడ నా వైపు చూసి ఏమీ అనలేదు. పాదంతో బ్రేకు నొక్కి, నా భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆ బ్రేకు పడిన "టక్" ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

మీ అక్కకి చెప్పలేదు. మీ అమ్మకీ చెప్పలేదు. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని చెప్పి తొందరగా ఇంటికొచ్చేశాను. వాడికిప్పుడు పదిహేనేళ్లు, నాకంటే పొడుగు. వీడియోలో వాడి మొహం చూసినప్పుడల్లా నాకు ఆ పాదాలు కనబడతాయి.

అందుకని చెబుతున్నాను, విను. రాడ్ మీంచి చెయ్యి తీసే ప్రతిసారీ, నీళ్ల సీసా మూత విప్పడానికైనా సరే, ముందు బ్రేకు నొక్కు. నొక్కాక ముందుకీ వెనక్కీ ఒకసారి తోసి చూడు. మేం వ్యాగన్‌కి అలాగే చూసేవాళ్లం. ఆ తర్వాత స్ట్రోలర్‌ని దారికి అడ్డంగా, అంచుకి తిప్పి పెట్టు. పట్టాల మీద బండిని అడ్డం తిప్పడం మావల్ల కాలేదు, నీ బండిని తిప్పొచ్చు. అడ్డంగా ఉన్న చక్రం వాలు వెంట దొర్లదు. చేతికి తగిలించుకునే పట్టీ ఉంటే మణికట్టుకి వేసుకో, లేకపోతే కొను. ఇంకోటి, బరువు సంచి రాడ్‌కి తగిలించకు. పిల్ల దిగగానే బండి వెనక్కి పడుతుంది.

అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఫోన్ మోగితే ఇద్దరిలో ఒకరే తియ్యాలి.

ఇదంతా చూసి మానేస్తానని మాత్రం అనకు. నీకు నడక వచ్చింది ఇక్కడి ప్లాట్‌ఫారం మీదే. నా ఖాకీ ప్యాంటు పట్టుకుని అడుగులేసి, గూడ్సు కదలగానే నా కాళ్ల మధ్య దాక్కునేదానివి. మీ అమ్మ టిఫిన్ క్యారియర్‌తో నిలబడి "పడిపోతుందండీ" అని అరుస్తూనే ఉండేది. పడ్డావు, లేచావు.

మొదటిసారి హెర్న్‌డన్‌లో మొదలుపెట్టండి. చుట్టూ ఊరే కాబట్టి ఏ అవసరానికైనా దగ్గర. మీ అక్కకి ఈ సంగతి నేనే ఫోన్లో చెబుతాను, ఈ వారంలోనే. అప్పటిదాకా నువ్వు అనకు.

పాపని ఆ ఎర్ర పెట్టె పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీసి పంపు. స్ట్రోలర్ కూడా పడేట్టు తియ్యి, అడ్డంగా తిప్పిపెట్టి.

మీ నాన్న