సర్వే జట్టులో చేరుతున్న మేనల్లుడికి

హైదరాబాదు, 1823

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దేశాన్ని కొలిచే సర్వేలో కలాసీగా, అంటే కూలి పనివాడిగా, పేరు రాయించుకున్నావని అక్కయ్య కబురు పంపింది. జనవరిలో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ దొర పోయాక పెత్తనం ఎవరెస్టు దొరకు వచ్చిందనీ, జట్టు ఉత్తరానికి పోతుందనీ ఇక్కడా అనుకుంటున్నారు. వద్దనను. అన్నా ఆగవు, అచ్చం మీ అమ్మ పోలికే.

పులుల సంగతి అందరూ చెబుతారు. నాకైతే ఒక్కటీ ఎదురుపడలేదు. నన్ను పడగొట్టింది జ్వరం. 1819లో కృష్ణా గోదావరుల నడుమ ఎల్లాపురం అడవుల్లోకి వానాకాలంలోనే దిగాం. ఎండాకాలం అంతా దుమ్ము, మసక. వాన కడిగాకే ఆమడల దూరంలోని కొండ మీద కొలతకు గురిగా పాతిన జెండా దుర్భిణిలో తేటగా కనిపిస్తుంది. ఆ తేట రోజులే జ్వరాల రోజులు కావడం మన ఖర్మ. ఎవరెస్టు దొరతో సహా నూటయాభై మంది దాకా మంచం పట్టాం. హైదరాబాదు నుంచి ఏనుగులు, పల్లకీలు వస్తే గానీ బయటపడలేదు. దారిలోనే 15 మంది పోయారు.

అందుకని వాగు ఒడ్డున పడుకోకు. నీళ్లు కాచి తాగు. రాత్రి వేపాకు పొగ వేసుకో. జ్వరానికి చెడుగాలి కారణమని వైద్యుడు అంటాడు, నాకేం తెలుసు? పొగకు దోమలు పోతాయి, నిద్ర పడుతుంది, అంతే.

కొత్తవాణ్ని జెండాకు పంపుతారు. కొండెక్కి, అడ్డమొచ్చే చెట్లు కొట్టి, జెండా రాట పాతాలి. తాడుకు రాయి కట్టి వేలాడదీసి, రాట నిటారుగా ఉందో లేదో నాలుగు వైపులా చూసుకో. పది రోజులంటే ఇరవై రోజుల బియ్యం, ఉప్పు, చింతపండు మోసుకెళ్లు. మబ్బు కమ్మిందని కిందికి దిగకు. సాయంత్రం కాసేపు తెరిపి ఇస్తుంది, సరిగ్గా అప్పుడే అవతల దొర చూస్తాడు. జెండా వాలి ఉంటే ఆ పూట మొత్తం దండగ.

కోణాలు కొలిచే పెద్ద థియోడొలైట్ యంత్రం అర టన్ను ఉంటుంది. మోసేటప్పుడు కేక వేయకుండా భుజం మార్చుకోకు. 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. లాంబ్టన్ దొర ఆరు వారాలు కూర్చుని దాన్ని బాగుచేసుకున్నాడు.

నా కొడవలి మీ ఇంటి అటక మీదే ఉంది. పిడి వదులైంది, బయల్దేరే ముందు కొత్తది వేయించుకో.

మీ మామయ్య