చిక్కని నాదానికి ఏ బ్రిడ్జ్ పికప్?

ప్రశ్న: నా స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జ్ (తీగలు కింది కొసన ఆనే ఆధారం) వద్ద ఉన్న సింగిల్ కాయిల్ పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే వైరు చుట్ట ఉన్న భాగం) డిస్టార్షన్‌లో (నాదాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్‌లో) పలుచగా, చెవిలో గుచ్చుకునేట్లు పలుకుతోంది. చిక్కని, నునుపైన నాదం కోసం ఏది అమర్చుకోవాలి?

జవాబు: బ్రిడ్జ్ దగ్గర తీగ ఊపు తక్కువ, పై అనుస్వరాల (హార్మోనిక్స్) పాలు ఎక్కువ కనుక అక్కడి నాదం సహజంగానే పదునుగా ఉంటుంది. 1955లో గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించిన హమ్‌బకర్ అనే పికప్‌లో రెండు కాయిల్స్ కలిసి హమ్‌ను (కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే రొదను) అణచడమే కాక, పై ఫ్రీక్వెన్సీలను తగ్గించి మధ్యస్థాయిని నింపుతాయి కాబట్టి మీకు అదే తగినది. సింగిల్ కాయిల్ పరిమాణంలోనూ అది దొరుకుతుంది, చెక్కను తొలచనక్కరలేదు. పికప్‌లోని అయస్కాంతాల్లో నేను ఆల్నికో 2 (ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రలోహం) వైపే మొగ్గుతాను. మీటినప్పుడు ఆల్నికో 5 కంటే మెత్తగా పలుకుతుంది. పికప్ విద్యుత్ నిరోధాన్ని తెలిపే కిలో ఓమ్‌ల అంకె ఒక్కటే చూసి దయచేసి కొనవద్దు. కాయిల్ వైరు మందం మారితే ఆ అంకె అర్థమే మారిపోతుంది. మీ గిటార్‌లో 250 కిలో ఓమ్‌ల పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే నిరోధకాలు) ఉంటే అలాగే ఉంచండి, అవి పదునును మరికొంత తగ్గిస్తాయి.

కొనేముందు ఒకటి గమనించండి. సంప్రదాయ స్ట్రాటోకాస్టర్ వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కు టోన్ నాబ్ కలిపి ఉండదు. పికప్‌లను ఎంచుకునే స్విచ్ వద్ద చిన్న వైరు ముక్కతో దాన్ని కలిపించి, నాబ్‌ను కొద్దిగా తగ్గించి, పికప్‌ను తీగలకు కాస్త దూరంగా దించి వాయించి చూడండి.