హైదరాబాద్ నుంచి బెంగళూరుకు కారులో: దారిలో ఎక్కడ ఆగాలి?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. ఈసారి రాత్రి రైలు కాకుండా కారు మాట్లాడుకుని, దారిలో చూడదగ్గవి చూసుకుంటూ పగలే వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరం అరవై దాటినవాళ్లం. పిల్లలమర్రి, బీచుపల్లి, అలంపురం, కొండారెడ్డి బురుజు, గుత్తి కోట, పెనుకొండ, లేపాక్షి అని ఏడు పేర్లు రాసుకున్నాం. ఒక్కరోజులో ఎన్ని అవుతాయి?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండు. పొద్దున అలంపురం, సాయంత్రం లేపాక్షి. మధ్యలో ఉన్నదంతా ప్రయాణానికే వదిలేయండి.

44వ జాతీయ రహదారి మీద బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు. ఈ రెండు చోట్లకూ హైవే దిగి లోపలికి పోయి రావడంతో మరో యాభై కలుస్తుంది. ఎక్కడా ఆగకపోయినా పది గంటలు పట్టే దారి ఇది. ఏడు చోట్లా ఆగితే ఏ ఒక్కటీ చూసినట్టుండదు, లేపాక్షి చేరేసరికి చీకటి పడుతుంది.

ఉదయం ఐదుకల్లా బయల్దేరి, శంషాబాద్ దగ్గర హైవే ఎక్కండి. ఆరున్నర ప్రాంతంలో జడ్చర్ల దగ్గర టిఫిన్ ముగించండి. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి కృష్ణ వంతెన పక్కనే ఉంటుంది. దణ్ణం పెట్టుకోవడానికి పావుగంట చాలు కాబట్టి కావాలంటే ఆగండి. అలంపురం చౌరస్తాలో హైవే వదిలి పది కిలోమీటర్ల చిల్లర పోతే ఊరు. ఎనిమిదిన్నరకు అక్కడుంటారు.

చాలామంది జోగులాంబ దర్శనం చేసుకుని వెనక్కి తిరుగుతారు. పక్కనే ఉన్న నవబ్రహ్మ ఆలయాలను దయచేసి వదలొద్దు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించినవి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. మనం రోజూ చూసే మెట్లుమెట్ల గోపురాలు ఇక్కడ దాదాపు కనిపించవు. శిఖరం లోపలికి వంగుతూ పైకి పోతుంది, దాని మీద ఉసిరికాయలా నొక్కులు తీరిన గుండ్రటి రాయి ఉంటుంది. ఉత్తరాది తరహా శిఖరం తెలుగు నేల మీద ఇంత పాతకాలంలో, ఇన్ని ఒకేచోట కనిపించడం అరుదు. టైమ్ తక్కువుంటే స్వర్గబ్రహ్మ ఆలయం చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయండి, బయటి గోడల శిల్పాలే దాని గొప్ప. నిత్య పూజలు బాలబ్రహ్మలో జరుగుతాయి. శుక్రవారం, శివరాత్రి, దసరా రోజుల్లో జనం ఎక్కువ. మీ ప్రయాణం వాటికి పడకుండా చూసుకోండి.

పదికి కదిలితే కర్నూలు దాటి, ఒంటిగంటలోపు అనంతపురం. ఆ వైపు హోటళ్లలో ఉగ్గాణి, బజ్జీ దొరికితే తినండి. భోజనం మాత్రం మితంగా చేయండి, డ్రైవరుతోనూ అలాగే చేయించండి. డోన్ నుంచి అవతల రోడ్డు తిన్నగా, ఎండ కళ్లలోకి కొడుతూ ఉంటుంది. తిన్న వెంటనే కునుకు పట్టేది అక్కడే. అనంతపురంలో ముప్పావుగంట ఆగి అతన్ని నిద్రపోనివ్వండి.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగితే లేపాక్షి పదహారు కిలోమీటర్లు. మూడున్నరకు చేరితే గంటన్నర చూడొచ్చు. చెప్పులు బయటే వదలాలి. మధ్యాహ్నమంతా కాగిన రాతి నేల అరికాళ్లను కాలుస్తుంది, బ్యాగులో రెండు జతల మేజోళ్లు పెట్టుకోండి. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికి గుమికూడతారు. అది ఐదు నిమిషాల పని. ఆ తర్వాత మండపం కప్పు కేసి చూడండి, విజయనగర కాలపు రంగుల బొమ్మలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. లతా మండపం స్తంభాల మీది అల్లికలు చూస్తే చీర అంచులు ఎక్కడినుంచి వచ్చాయో తెలుస్తుంది. ఏకశిలా నంది గుడి లోపల ఉండదు, కొంచెం దూరంలో రోడ్డు పక్కన ఉంటుంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దాన్ని వెళ్లేటప్పుడు చూసుకోండి.

గుత్తి కోట ఎక్కడానికే గంట పైన పడుతుంది, మీ వయసుకు మధ్యాహ్నపు ఎండలో అసలు వద్దు. పిల్లలమర్రికి జడ్చర్ల దగ్గర హైవే వదిలి మహబూబ్‌నగర్ వైపు పోవాలి. పెనుకొండ మరోసారి.

ప్రశ్న: ట్రావెల్స్ వాళ్లు ‘వన్ వే’ రేటు ఒకటి, ‘రౌండ్ ట్రిప్’ రేటు ఒకటి చెబుతున్నారు. ఏది మేలు? ఏమేం అడగాలి?
– పాఠకుడు, వరంగల్

జవాబు: బెంగళూరులో రెండు రోజులకు మించి ఉండేట్టయితే వన్ వే. రౌండ్ ట్రిప్‌లో కారు ఖాళీగా నిలబడినా రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు లెక్కకడతారు, డ్రైవర్ బత్తా వేరే.

వన్ వేలో గొడవ వచ్చేది మధ్యలో ఆగే చోట్ల దగ్గరే. ఆ రేటు నేరుగా దింపడానికి చెప్పింది. లేపాక్షికి తిప్పమంటే సగం దారిలో డ్రైవరు ఓనరుకు ఫోన్ చేస్తాడు, ఓనరు అదనం అంటాడు. అందుకే బుక్ చేసేటప్పుడే ‘అలంపురం గంటన్నర, లేపాక్షి గంటన్నర, మొత్తం 620 కిలోమీటర్లు’ అని వాట్సాప్‌లో రాసి ఒప్పించుకోండి. టోల్, బత్తా, జీఎస్టీ, రాత్రి ఛార్జీ ఆ రేటులో కలిసి ఉన్నాయో లేదో, మీటరు మీ ఇంటినుంచా వాళ్ల షెడ్డు నుంచా అన్నదీ అందులోనే రాయించుకోండి.

ఈ దారి మూడు రాష్ట్రాల్లో పోతుంది. ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండే అడగండి. లేకపోతే ఒక్కో రాష్ట్రానికి టెంపరరీ పర్మిట్ తీయాలి, ఆ డబ్బు, ఆలస్యం మీ నెత్తిన పడతాయి. తెల్ల నంబరు ప్లేటు కారు చౌకగా వస్తుందని ఎక్కొద్దు. సొంత వాడకపు బండిని కిరాయికి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కే.

డిక్కీ సంగతి ముందే అడగండి. డిజైర్ లాంటి బళ్లలో చాలావాటికి సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది, పెద్ద సూట్‌కేసు పట్టదు. ఎర్టిగాలో మూడో వరుస సీట్లు వాడితే వెనక సామాను చోటు దాదాపు ఉండదు. నలుగురికి మించితే ఇన్నోవా, లేదా పైన క్యారియర్.

అన్నిటికన్నా ముఖ్యం, ముందురోజు రాత్రి డ్రైవరు డ్యూటీలో ఉన్నాడా అని కనుక్కోండి. ఉంటే వేరే మనిషిని పంపమనండి.

ప్రశ్న: ఇదే దారిలో బెలూం గుహలు, గండికోట కూడా కలుపుకోవచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఒక్కరోజులో వద్దు. రెండూ హైవేకు తూర్పున, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు ఉన్నాయి. బెలూంలో నడిచే దారే కిలోమీటరున్నర, లోపల ఉక్క. ఒక రాత్రి గండికోటలో ఉండేట్టు రెండు రోజుల ట్రిప్ వేసుకోండి.

ప్రశ్న: మేం బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తాం. ఏమైనా మారుతుందా?
– పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వేసవిలో మీ దిక్కే మంచిది. ఐదింటికి బయల్దేరితే ఏడున్నరకు లేపాక్షి, రాయి ఇంకా చల్లగా ఉంటుంది. సాయంత్రం నాలుగు లోపు అలంపురం. బెంగళూరు ఉత్తరపు కొసన ఉన్న హెబ్బాళ్ ట్రాఫిక్ తెల్లవారుజామునే తప్పించుకుంటారు. ఎదురు దిక్కులో వచ్చేవాళ్లకు అక్కడ రాత్రి ఏడు, ఎనిమిది మధ్య గంట ఇట్టే పోతుంది.