బొగ్గు కరెంటుతో నడిచే స్కూటర్ వల్ల లాభమేంటి?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బండ్ల గురించే. 2070 నాటికి నెట్ జీరో (అంటే గాల్లోకి వదిలే కర్బనాన్ని, తిరిగి తీసేసే కర్బనంతో సరిపెట్టడం) సాధిస్తామని మన దేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది కదా, దాని సెగ మన స్కూటర్ల దాకా, లారీల దాకా వచ్చింది మరి.

ప్రశ్న: ఈ-స్కూటర్ కొందామంటే మా బావగారు ఒప్పుకోవట్లేదు. ‘మన ఇబ్రహీంపట్నంలో బొగ్గు తగలబెట్టి తీసిన కరెంటే కదా, పొగ నీ వెనక రాకుండా అక్కడ వస్తుంది, అంతే తేడా’ అంటున్నారు. నిజమేనా?
- ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సగం నిజమేనండి. కానీ లెక్క వేయకుండా వాదించుకుంటే తెల్లారినా తేలదు. లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ స్కూటర్ లీటరుకి 45 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం (బందరు రోడ్డు ట్రాఫిక్‌లో అంత ఇస్తే అదృష్టమే), అంటే కిలోమీటరుకి 51 గ్రాములు. కరెంటు సంగతికొస్తే, బొగ్గు, జలవిద్యుత్తు, సోలార్, గాలి అన్నీ కలిపిన మన గ్రిడ్‌లో యూనిట్‌కి సగటున 0.7 కిలోల పైచిలుకు పడుతుంది. యూనిట్‌కి 30 కిలోమీటర్లు నడిచే స్కూటర్‌కి అది కిలోమీటరుకి 24 గ్రాములు, అంటే పెట్రోలు దాంట్లో సగం కూడా లేదు. బావగారి మాటే ఖాయం చేసి మొత్తం బొగ్గు కరెంటే అనుకున్నా పెట్రోలు కంటే తక్కువే వస్తుంది. బ్యాటరీ తయారీలోనూ కర్బనం పడుతుంది, కాదనను. ఆ బాకీ తీరడానికి కొన్ని వేల కిలోమీటర్లు తిరగాలి. వారానికోసారి గుడికి మాత్రమే తీసే బండైతే తొందరపడి మార్చకండి.

ఇక సబ్సిడీ. 2021లో కేంద్రం బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి (అంటే ఒక యూనిట్ కరెంటు పట్టే సామర్థ్యానికి) 15,000 రూపాయలు ఇచ్చేది, 2023 జూన్‌లో 10,000 చేశారు, 2024లో 5,000, 2025 ఏప్రిల్‌లో 2,500కి దించారు, అదీ బండికి 5,000 మించకుండా. ఇలా తగ్గుతూ వచ్చిన సబ్సిడీ మీద ఆశ పెట్టుకుని ఆగకండి. కొనేముందు షోరూంలో ఆన్‌రోడ్ రేటు కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక నా పాత బైకు మైలేజీ తగ్గింది. బంకులో అడిగితే ‘మీ భ్రమ సార్’ అంటున్నారు.
- ఒక ప్రైవేటు ఉద్యోగి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భ్రమ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. అది 20 శాతం కలిస్తే మైలేజీ కొంత తగ్గుతుంది, టూవీలర్లకి 3, 4 శాతం దాకా ఉంటుందని నీతి ఆయోగ్ నివేదికే 2021లో చెప్పింది. 2030కి పెట్టుకున్న ఈ 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసే ఇథనాల్ వల్ల చమురు దిగుమతి తగ్గుతుంది, కర్బనమూ కొంత తగ్గుతుంది. బాగానే ఉంది, కానీ ఆ మేరకు లీటరు రేటు తగ్గించలేదు, అక్కడ మీ కోపం న్యాయమే. మీ బండి 2023 ఏప్రిల్‌కి ముందుదైతే మెకానిక్ చేత రబ్బరు పైపులు, వాషర్లు చూపించండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకు నింపి పక్కన పెట్టొద్దు.

ప్రశ్న: నా లారీకి పదిహేనేళ్లు దాటబోతున్నాయి. తుక్కు చేయాల్సిందేనా?
- ఒక లారీ యజమాని, ఆటోనగర్, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లని ఆపేసే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అన్నది ప్రభుత్వ వాహనాలకి. మీకు ఎనిమిదేళ్లు దాటినప్పటి నుంచీ ఏటా ఫిట్‌నెస్ ఉండనే ఉంది, అది పాసైతే తిప్పుకోవచ్చు. కాకపోతే బండి వయసు పెరిగే కొద్దీ ఆ ఫీజు కూడా పెరుగుతుంది, అసలు ఒత్తిడి అక్కడే పెట్టారు. తుక్కుకిస్తే వచ్చే సర్టిఫికెట్‌తో కొత్త లారీ రోడ్ టాక్సులో 15 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన.

సర్కారు చూపు మీ మీద ఎందుకు పడిందంటే, వాహనాల్లో డీజిలు ట్రక్కులు 3 శాతమే అయినా రవాణా కర్బనంలో 42 శాతం వాటిదేనని 2025 జులైలో కేంద్రం చెప్పింది. అప్పుడే ఈ-ట్రక్కుకి 9.6 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. చెన్నై, కోల్‌కతా లోడ్లకి మాత్రం ఇప్పుడే తొందరపడకండి. రోజూ ఒకే రూటులో తిరిగి రాత్రికి షెడ్డుకొచ్చే బండికైతే ఆలోచించొచ్చు.

ప్రశ్న: ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వల్ల కర్బనం తగ్గుతుందా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం ఉద్దేశం అది కాదు, కానీ తగ్గొచ్చు. లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లిచ్చే డీజిలు బస్సులో 50 మంది ఉంటే, మనిషికి కిలోమీటరుకి 12 గ్రాములే పడుతుంది. పైన చెప్పిన ఈ-స్కూటర్ మీద ఒక్కరే వెళ్తే 24. కిక్కిరిసిన మన గుంటూరు-విజయవాడ బస్సు, డీజిలుదైనా, దాన్ని ఓడిస్తుందన్నమాట. అయితే స్కూటీ ఇంట్లో పెట్టి బస్సెక్కినవాళ్లని బట్టే ఈ తగ్గుదల; ఇదివరకూ బస్సులోనే వెళ్లేవాళ్లు టికెట్ డబ్బులు మిగుల్చుకుంటారు, అదీ మంచిదే. కొత్తగా స్కూటీ వదిలేవాళ్లు రావాలంటే ఉదయం ఎనిమిదింటికి ఇంకో రెండు బస్సులు వేయాలి.